పదిన్నరకి బొమ్మ ఆగిపోయే ఇల్లు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. హీరోయిన్ అడ్రసు కావాలనేవి, ఫోటో పంపి "నా మొహం సినిమాలకి పనికొస్తుందా?" అని అడిగేవి మామూలే. ఇది అలాంటిది కాదు. అమీర్‌పేటలో ముగ్గురు స్నేహితులతో కలిసి ఉంటున్న ఓ కుర్రాడు రాశాడు. "అన్నా! నా రూమ్మేట్లు రోజూ రాత్రి ఇంటర్నెట్ కట్టేసి పడుకుంటున్నారు. నాకేమో అసలు పని మొదలయ్యేదే అప్పుడు. వాళ్లు ఆపలేని రూటరేదైనా ఉంటే పేరు చెప్పు. డబ్బు ఎంతైనా ఫరవాలేదు."

వాళ్లు ఆపలేని రూటరట! చదవగానే నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకాలే పాత గాయం ఒకటి సలిపింది. ఎందుకంటారా? సరిగ్గా ఇదే ప్రశ్న పట్టుకుని, ఇదే ఆవేశంతో, జేబులో డబ్బు పెట్టుకుని నేనూ ఒకప్పుడు సికింద్రాబాద్ బస్సెక్కినవాణ్ణే.

సినిమా పత్రికలో ఈ ఎలక్ట్రిక్ షాపు గొడవేమిటని ఎవరైనా అంటారేమో! ఏం, ఇవాళ మనలో సగంమందికి గోడకున్న ఆ డబ్బాయే కదా టాకీసు? కొన్ని కొత్త సినిమాలకి అర్ధరాత్రి పన్నెండింటికి దాంట్లోనే బొమ్మ పడుతోంది. ట్రైలరు చూడాలన్నా, ఆడిషనుకి వీడియో పంపాలన్నా అదే దారి. కాబట్టి ఇది మన శాఖ వ్యవహారమే.

మాది కృష్ణానగర్. సినిమావాళ్లూ, రేపో మాపో సినిమావాళ్లం అయిపోతామనుకునేవాళ్లూ కలిసి టీ తాగే పేట. అక్కడ రెండో అంతస్తులో రెండు గదులు, ఒక హాలు. మనుషులం నలుగురం. ఒకాయన లైట్‌మేన్, మా అందరికంటే పెద్ద, అందుకని అందరికీ బాబాయ్. ఒకడు డబ్బింగు కుర్రాడు. ఇంకొకడు ఎడిటింగు నేర్చుకుంటున్నాడు. నాలుగోవాణ్ణి నేను, డిగ్రీ పుచ్చుకుని ఏ ఉద్యోగమూ చెయ్యకుండా వాళ్లకీ వీళ్లకీ రాసిపెట్టుకుని బతికేవాణ్ణి. నెట్టు బిల్లు నాలుగు వాటాలు. డబ్బా మాత్రం హాల్లో తలుపు పక్కన ఉండేది. బాబాయ్ మంచం అక్కడే. పడుకునే చెయ్యి చాపితే స్విచ్చి అందుతుంది.

అందేది, ఆయన చాపేవాడు కూడానూ! రాత్రి పదిన్నర కాగానే టప్‌మని చప్పుడు. డబ్బా మీది ఆకుపచ్చ దీపాలు ఒక్కసారిగా ఆరిపోయేవి. పాట మధ్యలో కరెంటు పోయిన హాల్లోలాగ రెండు గదుల్లోంచీ "అబ్బా!" అని మూలుగు. బాబాయ్‌కి వినపడదు. వినపడినా వినపడనట్టే.

నాకు జరిగిన నష్టం చెబుతాను. రెండేళ్ల కిందటి మాట. ఓ సినిమా థియేటర్లకి రాకుండా నేరుగా ఓటీటీలో అర్ధరాత్రి విడుదలవుతోంది. పొద్దున్న ఏడింటికల్లా సమీక్ష ఇవ్వాలని ఒక వెబ్‌సైటు వాళ్లు నాకు పని అప్పజెప్పారు. ఆ నెల ఇంటద్దెలో నా వాటా మొత్తం ఆ సమీక్ష మీదా, అలాంటివి మరో రెండిటి మీదా ఆధారపడి ఉంది. పదిన్నరకి యథాప్రకారం టప్! సరే, ఫోనుంది కదా అనుకున్నాను. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకు. పన్నెండు దాటగానే కొత్త కోటా పడింది, హాట్‌స్పాట్ పెట్టుకుని లాప్‌టాప్‌లో మొదలెట్టాను. మంచి క్వాలిటీలో సినిమా చూస్తే గంటకి దాదాపు మూడు జీబీ తాగుతుందనీ, మామూలు క్వాలిటీలో అయినా ఒక జీబీ దాకా అవుతుందనీ నాకప్పుడు తెలీదు. సరిగ్గా ఇంటర్వెల్ ముందు, హీరో తండ్రి అసలు హంతకుడని తేలే చోట, బొమ్మ గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. అది మళ్లీ కదల్లేదు.

రెండో సగం ఊహించి రాసేద్దామా అని ఒక క్షణం అనిపించిన మాట వాస్తవం. చెప్పొద్దూ, మన సినిమాలకి అదేమంత కష్టం కాదు. కానీ మనసొప్పలేదు. పొద్దున్నే నిజం చెప్పాను. "ఫరవాలేదు" అన్నారు వాళ్లు. ఆ సమీక్ష ఇంకొకరు రాశారు. తర్వాతి రెండూ కూడా ఆ ఇంకొకరే రాశారు.

అదీ నేను సికింద్రాబాద్ బస్సెక్కిన సందర్భం. పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులు వరసగా ఉంటాయి కదా, ఒకదాంట్లో దూరి "మీ దగ్గరున్న వాటిలో బలమైన రూటరు చూపించండి" అన్నాను. సాలీడు కాళ్లలాగ ఆరు యాంటెన్నాలున్నది ఒకటి బల్లమీద పెట్టాడు. చూస్తేనే విలన్‌లా ఉంది. పర్సు తీశాను. షాపతను బుద్ధిమంతుడు, డబ్బు తీసుకునే ముందు ఒక ప్రశ్న వేశాడు. "రాత్రి ఆగిపోతోందన్నారు. ఆగిపోతోందా, ఎవరైనా ఆపుతున్నారా?"

"ఆపుతున్నారు."

"దేన్ని?"

"ఫైబర్ వాళ్లు పెట్టిన డబ్బాని."

"అయితే ఇది కొనకండి" అన్నాడు.

అతను చెప్పింది నా భాషలో చెబుతాను. వీధిలోంచి మీ ఇంట్లోకి వచ్చే ఆ సన్న వైరులో వచ్చేది కరెంటు కాదు, వెలుగు. ఆ వెలుగుని మన కంప్యూటర్లకి అర్థమయ్యే సంకేతంగా మార్చే డబ్బా ఒకటుంటుంది, దాన్ని ఓఎన్‌టీ అంటారు. ఆ సంకేతాన్ని ఇల్లంతా పంచేది రూటరు. ఇప్పుడు చాలా ఇళ్లలో కంపెనీవాళ్లు రెండు పనులూ ఒకే డబ్బాలో కలిపి ఇస్తున్నారు, అందుకే మనం దాన్ని రూటరనే పిలుస్తాం. ఆ మొదటి డబ్బాకి కరెంటు తీసేశాక దాని వెనకాల మీరు పదివేల రూటరు తగిలించినా దీపాలు వెలుగుతాయి, వైఫై పేరు కనపడుతుంది, నెట్టు మాత్రం సున్న. ప్రొజెక్టరు ఆపేసిన హాల్లో కొత్త వెండితెర కట్టుకున్నట్టు! తెర ఎంత పెద్దదైతేనేం?

అక్కడితో ఊరుకుని ఇంటికి వచ్చేస్తే ఈ కథలో కామెడీ ట్రాక్ ఉండేది కాదు. ఆ షాపులోనే చిన్న పెట్టె ఒకటి కనపడింది. రూటరుకి బ్యాటరీ, మినీ యూపీఎస్ అంటారు. కరెంటు పోయినా రెండు మూడు గంటలు నడుపుతుందట. నా బుర్రలో దీపం వెలిగింది. స్విచ్చి కట్టేస్తే ఏమిటి, కరెంటు పోవడమే కదా! కొని తెచ్చి, ఎవరూ లేనప్పుడు డబ్బా వెనకాల ఇరికించి, పైన పాత క్యాలెండరు తగిలించాను. (కొనేవాళ్లకి ఒక్క జాగ్రత్త. మీ డబ్బా అడాప్టరు మీద ఎన్ని వోల్టులని రాసుందో చూసి అదే కొనండి. ఎక్కువగా పన్నెండు ఉంటుంది, కొన్నిటికి తొమ్మిది. తొమ్మిది దానికి పన్నెండు తగిలిస్తే కాలిపోవచ్చు.)

ఆ రాత్రి పదిన్నరకి టప్! దీపాలు ఆరలేదు. మళ్లీ వేసి మళ్లీ టప్! ఆరలేదు. బాబాయ్ మంచం మీద లేచి కూర్చున్నాడు. నేను గదిలోంచి తొంగి చూస్తున్నాను, నవ్వాపుకోలేక దుప్పటి నోట్లో కుక్కుకుని. ఆయన కాసేపు డబ్బా వంక చూసి, లేచి, ప్లగ్గు పీకాడు. అయినా వెలుగుతోంది. పాత జానపద సినిమాలో మాయాదీపం చూసినట్టు రెండడుగులు వెనక్కి వేశాడు. తర్వాత ఆయన లైట్‌మేన్ అన్న సంగతి ఆయనకి గుర్తొచ్చింది. పాతికేళ్లుగా వైర్లతో బతికిన మనిషి. వైరు వెంట చెయ్యి పోనిచ్చి, క్యాలెండరు ఎత్తి, నా పెట్టె బయటికి తీసి, నా గది గుమ్మంలో పెట్టి వెళ్లి పడుకున్నాడు. ఒక్క మాట అనలేదు.

అనకపోవడంతోనే నాకు ఒళ్లు మండింది. మర్నాడు ఆదివారం, పంచాయితీ పెట్టాను.

నా లెక్కలో బాబాయ్ పిసినారి. 1987లో వచ్చిన జంధ్యాల గారి 'అహ నా పెళ్లంట!'లో కోట శ్రీనివాసరావు గారి లక్ష్మీపతి ఉన్నాడే, ఆ బాపతనుకున్నాను. అందుకని కాగితం మీద లెక్క వేసుకుని మరీ కూర్చున్నాను. డబ్బా తాగే కరెంటు సుమారు పది వాట్లు. రాత్రి ఏడు గంటలు వెలిగితే డెబ్బై వాట్-అవర్లు. నెలకి రెండు వేల ఒక వంద, అంటే రెండు యూనిట్ల పైన ఒక చిటికెడు. యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకున్నా పదిహేడు రూపాయలు దాటదు. నలుగురికి పంచితే తలకి నాలుగు రూపాయల ఇరవై పైసలు! "నీ వాటా కూడా నేనే ఇస్తాను బాబాయ్" అన్నాను, చాలా గొప్పగా.

డబ్బింగు కుర్రాడు అడ్డొచ్చాడు. వాడికి ఫోన్లో ఎవరో పంపారట, రాత్రి వైఫై తరంగాలు మెదడు తినేస్తాయని. ఇదీ చాలా ఇళ్లలో ఉన్న భయమే. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం రేడియో తరంగాలని 2బి అనే జాబితాలో పెట్టిన మాట నిజం. ఆ జాబితాకి అర్థం 'క్యాన్సర్ తెస్తుంది' అని కాదు, 'తేవచ్చునేమో, రుజువు చాలదు' అని. ఆసియా పద్ధతిలో ఊరబెట్టిన కూరగాయలు కూడా అందులోనే ఉన్నాయి. (మన ఆవకాయ గురించి కాదు లెండి, కంగారు పడకండి.) ఎక్స్‌రేల్లాగ కణాల లోపలి అణువుల్ని విరగ్గొట్టే శక్తి వైఫై తరంగాలకి లేదు. పైగా హాల్లో డబ్బా ఆపేసి, అంతకంటే దగ్గరగా ఫోను దిండు కింద పెట్టుకుని పడుకునే మా కుర్రాడికి ఆ భయం ఎలా తీర్చేది?

బాబాయ్ ఇదంతా విన్నాడు. చివరికి ఒకటే అన్నాడు.

"అబ్బాయ్, నేను పొద్దున్నే మూడున్నరకి లేస్తాను. ఆరింటి కాల్షీటంటే మా వ్యాను నాలుగున్నరకి బయల్దేరుతుంది. ఈ కుర్రాడు రాత్రి రెండింటిదాకా రీల్సు పెట్టి నవ్వుతుంటాడు. ఆ ఎడిటింగు బాబు ఆట ఆడుతూ మైకులో అరుస్తుంటాడు. చెప్పాను, ఒకటికి పదిసార్లు. నోరు మూసుకోమంటే మూసుకోలేదు. నెట్టు మూస్తే మూసుకున్నారు. మొన్న సంక్రాంతికి ముందు పరంజా మీద లైటు బిగిస్తుంటే కునుకు పట్టింది. కింద ఉన్నోడు కేకేశాడు గాబట్టి సరిపోయింది."

ఎవరికీ మాట లేదు. నా కాగితం మీద నాలుగు రూపాయల ఇరవై పైసలు నన్ను వెక్కిరిస్తున్నట్టు కనపడింది. ఆయన నా గదిలో చప్పుడు గురించి ఒక్క మాటా అనలేదు. నేను చప్పుడు చెయ్యను మరి, రాసుకుంటాను. కానీ స్విచ్చికి ఆ తేడా తెలీదు కదా.

ఆ తేడా తెలిసే ఏర్పాటు కావాలి. అప్పుడు మళ్లీ పార్క్‌లేన్ వెళ్లాను. ఈసారి ప్రశ్న మార్చి అడిగాను. హాల్లో, ఆ పక్క గదిలో రాత్రి నెట్టు ఆగాలి, నా బల్ల దగ్గర ఆగకూడదు. షాపతను నవ్వి, "మీ ఫైబర్ డబ్బా పక్కన చిన్న బొత్తాం ఉందా, వైఫై అనో, డబ్ల్యూ-ల్యాన్ అనో రాసి?" అన్నాడు. ఇంటికి ఫోన్ చేసి చూడమన్నాను. ఉంది! ఇన్నాళ్లూ ఎవరమూ చూడలేదు.

కిటుకంతా అక్కడుంది. ఆ బొత్తాం నొక్కితే గాల్లో వెళ్లే వైఫై ఒక్కటే ఆగుతుంది, డబ్బా బతికే ఉంటుంది. దాని వెనకాల ఉన్న రంధ్రంలోంచి ల్యాన్ కేబులు లాగి మీ గదిలో రూటరు పెట్టుకుంటే అది తెల్లవార్లూ పనిచేస్తుంది. కేబులు వంద మీటర్లదాకా నిక్షేపంగా పోతుంది, నాకు పదిహేను మీటర్లు సరిపోయింది. గోడవారగా మేకులు కొట్టి లాగేశాను. రూటరు మామూలుదే, పదహారు వందలు పడింది. ఆ సాలీడు యాంటెన్నాల విలన్ ధరలో నాలుగో వంతు కూడా లేదు. మన గది ఒక్కటే కదా, అంతకంటే ఎందుకు?

కొనేటప్పుడు చూడాల్సినవి అక్కడా ఇక్కడా విన్నవి కాదు, నాకు ఉపయోగపడినవి చెబుతాను. రెండు బ్యాండ్లూ ఉన్నది తీసుకోండి. ఐదు గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, కానీ గోడ దాటాలంటే నీరసపడుతుంది. రెండు పాయింట్ నాలుగుది గోడలు దాటుతుంది, వేగం తక్కువ. మీ గదిలోనే వాడుకుంటే ఐదు చాలు. 'యాక్సెస్ పాయింట్ మోడ్' ఉందో లేదో అడగండి. కంపెనీ డబ్బా, మీ రూటరు రెండూ 'నేనే పెద్దమనిషిని' అని కొట్టుకోకుండా ఆ మోడ్ సర్దుబాటు చేస్తుంది. దాంట్లో పెట్టడానికి నాకు పది నిమిషాలు పట్టింది, అందులో ఏడు నిమిషాలు పాస్‌వర్డు వెతకడానికే. వైఫై సిక్స్, సెవెన్ అని అమ్మేవాళ్లు ఊదరగొడతారు. ఇంటినిండా పది పదిహేను పరికరాలుంటే సిక్స్ మేలే. ఒంటరి బల్లకి అక్కర్లేదు.

మీ డబ్బాకి బొత్తాం లేకపోతే? సెట్టింగుల్లో టైము పెట్టే సౌకర్యం ఉండొచ్చు, కంపెనీ మనిషిని అడిగితే చూపిస్తాడు. కొన్ని రూటర్లలో ఏ ఫోనుకి ఎన్నింటికి ఆపాలో విడివిడిగా పెట్టుకోవచ్చు. అందులో ఒక తిరకాసుంది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచీ, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచీ ఫోన్లు వైఫైకి తమ అసలు గుర్తింపు నంబరు కాకుండా మారుపేరు చెబుతున్నాయి. డబుల్ యాక్షన్ అన్నమాట! తెలివైన కుర్రాడు ఆ మారుపేరు మార్చుకుని దర్జాగా దాటేస్తాడు. మా ఎడిటింగు బాబు దాటగల సమర్థుడే. అందుకే నేను ఆ దారి పట్టలేదు.

ఇహ డబ్బా ఇంటి ఓనరు గదిలో ఉండి, ఆయనే తాళం వేసుకుని పడుకుంటాడనుకోండి. అక్కడ ఏ రూటరూ పనిచెయ్యదు. సిమ్ము వేసుకునే రూటరో, మీ పేరున వేరే కనెక్షనో తీసుకోవడమే. 2023 నుంచి వైరు లేకుండా మేడమీద పెట్టె బిగించి ఇచ్చే కనెక్షన్లు కూడా వచ్చాయి, ఆ పెట్టె బిగించడానికీ ఓనరు ఒప్పుకోవాలనుకోండి!

అమీర్‌పేట తమ్ముడూ, నువ్వు ఉత్తరంలో రెండు పేజీలు రాశావు. వాళ్లు రోజూ ఎన్నింటికి ఆపుతారో రాశావు, ఎన్నిసార్లు గొడవపడ్డావో రాశావు. ఎందుకు ఆపుతున్నారో ఒక్క ముక్క రాయలేదు. అడిగావా? అడిగి, ఆ జవాబు పట్టుకుని షాపుకి వెళ్లు. అది తెలిస్తే నీకు కావలసింది పదహారు వందల రూటరో, వంద రూపాయల ఇయర్‌ఫోనో షాపులోవాడే చెబుతాడు.

మా ఇంట్లో ఇప్పటికీ పదిన్నరకి బాబాయ్ చెయ్యి చాపుతాడు. స్విచ్చి మీద కాదు, బొత్తాం మీద. నా గది రూటరు పాస్‌వర్డు కాగితం మీద రాసి ఆయనకే ఇచ్చాను. రాత్రి పనున్నవాళ్లు ఆయన్ని అడిగి వాడుకోవచ్చు, చెవుల్లో ఇయర్‌ఫోన్లుండాలి, అదీ ఒప్పందం. డబ్బింగు కుర్రాడు మొదటి నెల రోజూ అలిగాడు.

మొన్న పదకొండు దాటాక నా తలుపు చప్పుడైంది. బాబాయ్! "అబ్బాయ్, కాసేపు నీ నెట్టు వాడుకోనా? అమ్మాయికి నర్సింగ్‌లో సీటొచ్చిందంట. వీడియోలో మాట్లాడతానంటోంది."

"అదేమిటి బాబాయ్! ఆపింది నువ్వే కదా, హాల్లో బొత్తాం నొక్కుకోవచ్చుగా?"

"నేనే నొక్కితే రేపు ఆ కుర్రాళ్లు నా మాట వింటారా?" అని, నా ఇయర్‌ఫోన్లు అడిగి పుచ్చుకుని, నా మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కూతురు అటువైపు ఏదో చెబుతోంది, ఈయన ఊఁ కొడుతూ కళ్లు తుడుచుకుంటున్నాడు. నేను లాప్‌టాప్ మూసేసి హాల్లోకి వెళ్లి ఆయన మంచం మీద నడుం వాల్చాను. డబ్బా దీపాలు నాలుగూ సరిగ్గా కళ్లల్లో పడుతున్నాయి. బాబాయ్ దాని ముందు తువ్వాలు ఎందుకు వేలాడదీస్తాడో అప్పుడు తెలిసింది.